ఇంటి బడి: చింతగింజయు బియ్యపుగింజయు

మా పొరుగింటి యిల్లాలు ఒక సాయంకాలము వచ్చి మా గడపలో కూర్చుండినది. ముఖము చిన్నబోయి యున్నది. కారణ మడుగగా, "అక్కా, నా బిడ్డ ఇగ ఇంగ్లీషు రాయనే రాయనంటున్నది. వాళ్ళ బాపు కోపం జేసిండు. నేనేం జేయాలె?" అని కంట నీరు పెట్టుకొన్నది.

ఆమె పెనిమిటి గల్ఫు దేశమున పని చేయుచున్నాడు. మా పిట్లమునను, చుట్టుపట్ల గ్రామములలోను ఇంటి మగవాడు సముద్రమున కావలి యొడ్డున నున్న కాపురములు పెక్కు గలవు. ఆయన పదవ తరగతితో చదువు మానినవాడు. కూతురు సర్కారు బడిలో ఆఱవ తరగతి ఇంగ్లీషు మాధ్యమమున చదువుచున్నది. వారమున కొకసారి ఆ పిల్ల ఫోనులో ఇంగ్లీషున నాలుగు మాటలు వ్రాసి పంపవలెనని తండ్రి నియమము. ఎండలో పని చేసి వచ్చిన మనుష్యునికి బిడ్డ వ్రాసిన ఆ నాలుగు మాటలే పండుగ.

తొలకరికి సోయా విత్తినారు. విత్తిన పిదప వాన ముఖము చాటుచేసినది. మొలక యెండినచో మరల విత్తనము కొనవలెను. తండ్రి యొకనాడు వాన సంగతి నడుగుచు ఇంగ్లీషున రెండు మాటలు పంపినాడు. ఆ ముందటి రాత్రియే మంచి వాన కురిసి యుండెను. పిల్ల సంతోషముతో, "కాదు బాపూ, వాన వచ్చింది" అను తన మాటను ఇంగ్లీషులోనికి మార్చి, "నో రెయిన్ హ్యాజ్ కమ్" అని వ్రాసి పంపినది. తండ్రి దానిని "వాన యేమియు రాలేదు" అని చదువుకొనినాడు. రాత్రి పని, పగలు నిద్ర. మాటలాడ తీరిక లేదు. తోటివానియొద్ద చేబదులు తీసికొని విత్తనములకై సొమ్ము పంపినాడు. సొమ్ము చేరిన పిదప గదా నిజము తెలిసినది! చేబదులు మీద పడినది. సొమ్ము పంపుట కైన రుసుము వట్టిదే పోయినది. "ఇందుకేనా నిన్ను ఇంగ్లీషు చదివిస్తున్నది" అని తండ్రి యొక్క మాట అనినాడు. ఆ యొక్క మాటతో పిల్ల కలము మూసినది.

ఇందులో పిల్ల చేసిన తప్పెంత? "నో" అను మాట వెనుక ఒక చిన్న కొక్కెము పెట్టలేదు. కామా యనునది అదియే. కామా యున్నచో "కాదు, వాన వచ్చినది" అని యర్థము. లేనిచో "వాన యేమియు రాలేదు" అని యర్థము. అక్షరములన్నియు నవే; అర్థము మాత్రము ఆకాశమునకును భూమికిని ఉన్నంత దూరము.

ఇది పల్లెటూరి పిల్లలకు మాత్రమే కలుగు చిక్కని తలపవలదు. అమెరికా దేశమున మేయిన్ రాష్ట్రములో ఓక్‌హర్స్ట్ డెయిరీ అను పాల సంస్థకును, పాలబండ్లు తోలువారికిని ఒక వ్యాజ్యము జరిగినది. గడువు మించి చేసిన పనికి అధిక వేతనము ఏయే పనులకు చెల్లింప నక్కఱలేదో చెప్పు చట్టములో పనుల జాబితా యొకటి కలదు. ఆ జాబితా చివరి భాగమున ఒక కామా లేనందున, సరకును "పంచుట" యనునది వేఱొక పనియా, లేక పంచుటకై "మూటగట్టుట" యను పనిలోని భాగమా యన్న సందేహము పుట్టినది. 2017లో అప్పీలు న్యాయస్థానము బండ్లు తోలువారి పక్షమున తీర్పు చెప్పెను. 2018లో ఆ సంస్థ 50 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకొనెను. చట్టములు వ్రాయు పెద్దలకే తప్పిన కామా మన ఆఱవ తరగతి బాలికకు తప్పుట వింత గాదు. వింత యేమనగా, ఆ కామా యెందుకో ఆమెకు ఎవ్వరును చెప్పకపోవుట.

తెలంగాణమున 2022–23 విద్యాసంవత్సరము నుండి సర్కారు బడులలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టిరి. పాఠ్యపుస్తకములను ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చువేసిరి. మా సీమకు చదువు భాష మాఱుట క్రొత్త గాదు. నిజాము ఏలుబడిలో చదువునకును కచ్చేరికిని ఉర్దూయే ముఖ్యభాష. 1918లో హైదరాబాదున నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూ మాధ్యమముతోనే యారంభమైనది. తాతలు ఉర్దూలో చదివిరి. తండ్రులు తెలుగులో చదివిరి. మనుమలు ఇంగ్లీషులో చదువుచున్నారు. భాష మాఱిన ప్రతిసారియు తల్లి మాత్రము గడప కివతలనే నిలిచిపోయినది. "నాకు రాదు, నేను చెప్పలేను" అని పుస్తకము మూసి బిడ్డ చేతి కిచ్చినది.

ఈసారి అట్లు నిలిచిపోవ నక్కఱలేదని చెప్పుటకే యీ వ్యాసము. నేనును బడి కేగినదానను గాను. మా తండ్రిగారు ఇంటనే బాలవ్యాకరణము చెప్పిరి. ఇంగ్లీషు అక్షరములు పెండ్లియైన తరువాత మావారి యొద్ద నేర్చుకొంటిని. పిల్లలకు మొదట చెప్పబూనినపుడు నేను చేసిన తప్పు కూడ చెప్పెదను. నామవాచక మననేమి, క్రియ యననేమి యని ఇంగ్లీషు నిర్వచనములు వల్లె వేయించితిని. పిల్లలకు నిర్వచనములు కంఠస్థములైనవి గాని, ఒక్క వాక్యము కుదురుగా వ్రాయుట రాలేదు. తరువాత నా కొక్క సంగతి తెలిసినది. పిల్లకు తెలుగు వ్యాకరణము నాలుకమీద నున్నది. దానిని చూపి, "మనము ఇక్కడ ఇట్లు చేయుదుము, వారు అక్కడ అట్లు చేయుదురు" అనిన చాలును. మన భాష ధ్వనితో చేయు పనులను పెక్కింటిని ఇంగ్లీషు భాష మాట చోటుతోను, వ్రాతగుఱుతుతోను చేయును. ఈ యొక్క సూత్రము పట్టుబడిన తల్లి తన బిడ్డకు మొదటి మెట్లన్నియు తానే యెక్కింపగలదు.

మొదటి పాఠము: చోటు

"మేక పులిని చూచెను" అనినను, "పులిని మేక చూచెను" అనినను చూచినది మేకయే. ఏలయన "ని" యను విభక్తి పులిని అంటిపెట్టుకొని యున్నది. పులి యెక్కడ కూర్చున్నను అది కర్మయే. ఇంగ్లీషు నామవాచకమునకు ఇట్టి ప్రత్యయము లేదు. "ది గోట్ సా ది టైగర్" అనిన మేక చూచినది. "ది టైగర్ సా ది గోట్" అనిన పులి చూచినది. అక్కడ చోటే విభక్తి. క్రియకు ముందున్నది కర్త, వెనుకనున్నది కర్మ.

దీనిని చెప్పుటకు మూడు కాగితపు ముక్కలు చాలును. ఒకదానిమీద మేక, ఒకదానిమీద చూచుట, ఒకదానిమీద పులి వ్రాయుడు. తెలుగు వాక్యమైనచో క్రియను చివర పెట్టింపుడు; ఇంగ్లీషు వాక్యమైనచో నడుమ పెట్టింపుడు. పిల్ల చేతితో ముక్కను జరిపినచో ఆ చోటు మఱి మఱువదు.

విభక్తుల సంగతియు ఇట్టిదే. "ఇంటిలో", "బల్లమీద", "అమ్మతో" అని మనము మాట వెనుక తగిలింతుము. ఇంగ్లీషువారు "ఇన్", "ఆన్", "విత్" అని మాటకు ముందు నిలుపుదురు. మన తోక వారికి ముక్కు అని పిల్లలతో ననిన నవ్వుదురు. నవ్విన పాఠము నిలుచును.

రెండవ పాఠము: మన వాక్యమున కనబడని క్రియ

"మా బాపు రైతు." ఇది తెలుగున నిండు వాక్యము. ఇందులో క్రియ లేదు. మన పిల్లలు దీనినే "మై ఫాదర్ ఫార్మర్" అని వ్రాయుదురు. గురువు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. పిల్లకు తప్పెక్కడనో తెలియదు, ఏలయన ఆమె చెవికి ఆ వాక్యము నిండుగనే యున్నది. అప్పుడు తల్లి చెప్పవలసిన దిది: "మన వాక్యము క్రియ లేకయు నిలువగలదు, ఇంగ్లీషు వాక్యమున క్రియ యుండితీరవలెను." కావున "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్". రోజున కైదు వాక్యములు ఇంటిలోని వారిని గూర్చియే చెప్పింపుడు. అవ్వ ముసలిది, తమ్ముడు చిన్నవాడు, పాలు వేడివి, ఆవు తెల్లనిది. ప్రతిదానిలోను "ఈజ్" దూరవలెను. పాలు మనకు బహువచనము, వారికి ఏకవచనము. కావున అక్కడను "ఈజ్" అనియే రావలెను.

క్రియను గూర్చి మఱియొక చిన్న ఉపాయము. "ది బాయ్ రన్స్", "ది బాయ్స్ రన్". ఈ రెంటిలోను "స్" ఒక్కటియే. ఒక పిల్లవాడైనచో అది క్రియయొద్ద నుండును. పలువురు పిల్లలైనచో కర్తయొద్దకు పోవును. రెండు చోట్లను ఒకమాఱే యుండదు. "స్" చేర్చి బహువచనము చేయు మాటలకును, వర్తమానకాల క్రియలకును ఇది మొదట నేర్పుటకు చక్కని కొలబద్ద. నేను, నీవు అను వాని సంగతి పిదప చెప్పవచ్చును.

మూడవ పాఠము: ద్రుతము వంటి నకారము

ఈ పాఠమున మన సోదరీమణులకు గర్వపడదగిన విషయ మొకటి గలదు. "ఎ" ఎక్కడ, "యాన్" ఎక్కడ యని పిల్లలు తికమకపడుదురు. ఎ, ఇ, ఐ, ఓ, యు అను ఐదక్షరములకు ముందు "యాన్" అని వల్లించుదురు. అట్లు వల్లించిన పిల్ల "యాన్ యూనివర్సిటీ" అని తప్పు వ్రాయును, "ఎ అవర్" అని మఱియొక తప్పు వ్రాయును. నియమము అక్షరమునకు గాదు, ధ్వనికి. ముందున్నది అచ్చయినచో "యాన్", హల్లయినచో "ఎ". యూనివర్సిటీ యనుమాట మన చెవికి యకారముతో, అనగా హల్లుతో మొదలగుచున్నది. కావున "ఎ యూనివర్సిటీ". గంట యను నర్థముగల "అవర్" అను మాటను హెచ్ అక్షరముతో వ్రాసినను పలుకునది అచ్చే. కావున "యాన్ అవర్". ఒక రూపాయి నాణెమును "ఎ వన్ రూపీ కాయిన్" అందురు. అక్షరము ఓ, ధ్వని మాత్రము వకారము.

అచ్చు, హల్లు అను భేదము తెలుగు పిల్లకు ఓనమాలనాడే తెలిసినది. పైగా మన ద్రుతమును తలచుకొనుడు. "వచ్చెను" అనుదానికి "అతడు" పరమైనచో నకారము నిలిచి "వచ్చెనతడు" అగును. హల్లు పరమైనపుడు "వచ్చె రాముడు" అని నకారము జాఱిపోవుటయు గలదు. ఇంగ్లీషున జరిగినదియు ఇట్టిదే. "యాన్" అను మాట ప్రాచీన ఇంగ్లీషులో "ఒకటి" యను మాటనుండి పుట్టినది. అచ్చు ముందు దాని నకారము నిలిచినది. హల్లు ముందు లోపించి "ఎ" మిగిలినది. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమును చదివిన యిల్లాలికి ఈ నియమము నిమిషములో బోధపడును. చదువని యిల్లాలికి నాలుకయే చెప్పును.

నాలుగవ పాఠము: గుఱుతులు

ఇక మన కథలోని కొక్కెమునకు వత్తము. తాటియాకు గ్రంథములను చూచినవా రెఱుగుదురు, వానిలో మాటకును మాటకును నడుమ ఎడము లేదు. శ్లోకమో పద్యమో ముగిసినచోట నిలువుగీత. అంతకు మించిన గుఱుతులు తక్కువ. నేడు మనము తెలుగున పెట్టు చుక్క, కామా, ప్రశ్నార్థకము ఇంగ్లీషు అచ్చుపుస్తకముల వెంట వచ్చిన చుట్టములే. పశ్చిమ దేశములవారును పుట్టుకతో వానిని తెచ్చుకొనలేదు. గ్రీకులు మాటలను కలిపియే వ్రాసిరి. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున పుట్టి అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు అధిపతియైన అరిస్టాఫనీసు, చదువరి యెచ్చట ఎంతసేపు ఆగవలెనో తెలుపుటకు పైన, నడుమ, క్రింద చుక్కలు పెట్టు పద్ధతిని కల్పించెను. కామా యను మాటకు గ్రీకున "కోసిన ముక్క" యని యర్థము. తరువాత 1490ల దశకమున వెనిసు నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ అచ్చొత్తించిన పుస్తకములతో నేటి గుఱుతులలో కొన్ని స్థిరపడినవి. కావున ఈ గుఱుతులు మొదట గట్టిగా చదువువారికై పుట్టిన సహాయములు. పిల్లలకు నేర్పు తెన్నును అదియే కావలెను: మొదట గొంతు, పిదప గుఱుతు.

తెలుగున ఈ గుఱుతులు లేకయే మనకు వందలయేండ్లు ఎట్లు గడచినవి? మన మాటల చివరలలోనే గుఱుతు లున్నవి. "వచ్చినాడు" అనుదానిని "వచ్చినాడా" యని సాగదీసిన ప్రశ్న యైనది. ఆ దీర్ఘమే మన ప్రశ్నార్థకము. "నేను వత్తునని చెప్పెను" అనుదానిలో "అని" యనునది ఇతరుల మాట ముగిసినదని తెలుపుచున్నది. ఇంగ్లీషున ఆ పనిని జంట కొక్కెములు చేయును. "అమ్మయు, అక్కయు, నేనును" అని ప్రతి మాటకు సముచ్చయము తగిలింతుము. ఇంగ్లీషున "అండ్" చివర నొక్కసారి వచ్చును, మిగిలినచోట్ల కామా నిలుచును.

సంబోధన మఱింత సొంపైనది. "సీతా, పిలువకు" అనిన సీతతో చెప్పుచున్నాము. "సీతను పిలువకు" అనిన వేఱొకరితో చెప్పుచున్నాము. దీర్ఘమును, "ను"కారమును ఆ భేదమును చూపుచున్నవి. ఇంగ్లీషున రెండును "డోంట్ కాల్ సీత" అనియే. మొదటి యర్థమున సీతకు ముందు కామా యుండును. రెండవ యర్థమున ఉండదు. అంతియే భేదము.

ఇప్పుడు పిల్ల వ్రాసిన వాక్యమును మరల చూడుడు. తెలుగున "వాన రాలేదు", "కాదు, వాన వచ్చినది" అను రెండు వాక్యములలో క్రియలే వేఱు. కామా మఱచినను ఎవ్వరును మోసపోరు. ఇంగ్లీషున క్రియ మాఱలేదు. "నో" అను మాట వానను అంటుకొన్నదా, విడిగా నున్నదా యనుటపై అర్థమంతయు వ్రేలాడుచున్నది. తెలుగు చెవితో వ్రాసిన పిల్లకు ఆ కామా అక్కఱ తోచకపోవుట సహజము. ఆమె మందమతి గాదు. తన భాష నియమమును పరభాషలో పాటించినది.

ఇందులో మఱియొక మెలికయు గలదు. "వాన రాలేదా?" యని యడిగినపుడు, వాన వచ్చినచో మనము "కాదు, వచ్చింది" అని యడిగినవాని తలంపును కాదందుము. ఇంగ్లీషువారు తలంపును విడిచి జరిగినదానిని చూతురు. వాన వచ్చినచో, ప్రశ్న యెట్లున్నను, "యెస్" అందురు. రానిచో "నో" అందురు. కావున పిల్ల "యెస్, ఇట్ హ్యాజ్ రెయిన్డ్" అనియుండినచో సందేహమునకే చోటు లేకపోయెడిది. ఈ భేదము పెద్దలకును తఱచుగా తప్పుచుండును.

గింజల ఆట

ఆ సాయంకాలమే పిల్లను పిలిపించితిని. పలకయు పుస్తకమును అడుగలేదు. చేటలో గుప్పెడు చింతగింజలు, గుప్పెడు బియ్యము పోసితిని. "చింతగింజ చుక్క, బియ్యపుగింజ కామా. నీవు చదువు. గొంతు పూర్తిగా ఆగినచోట చింతగింజ పెట్టు, కొంచె మాగినచోట బియ్యపుగింజ పెట్టు" అంటిని. గుఱుతులు తీసివేసి నేను వ్రాసియిచ్చిన ఆఱు పంక్తుల కథమీద ఆమె గింజలు పేర్చినది. పిదప పుస్తకము తెఱచి సరిచూచుకొన్నది. తొమ్మిదింట ఏడు సరిపోయినవి.

ఈ ఆటకు తల్లికి ఇంగ్లీషు రానక్కఱలేదు. బిడ్డ చదువుచుండగా ఆమె గొంతు ఎక్కడ దిగుచున్నదో వినిన చాలును. గింజ యైనందున తప్పు పెట్టినను తీసి మఱియొకచోట పెట్టవచ్చును. కొట్టివేత మచ్చ మిగులదు. వారమున కొక్క గుఱుతు చాలును. మొదటి వారము చుక్కయు, దాని వెంటనే వచ్చు పెద్ద అక్షరమును. మన లిపిలో పెద్దక్షరము లేదు గనుక ఇది కంటికి క్రొత్త. వాక్యపు మొదట, మనుష్యుల పేళ్ళకు, ఊళ్ళ పేళ్ళకు, వారముల పేళ్ళకు, నెలల పేళ్ళకు, "నేను" అను నర్థముగల "ఐ"కి అది రావలెను. రెండవ వారము ప్రశ్నార్థకము. మూడవ వారము కామా.

గొంతు చెప్పునది చాలవఱకు నిజమేగాని అంతయు నిజము గాదు. మూడు చోట్ల జాగ్రత్త వలెను. ఒకటి, కర్త పొడవైనదై ఊపిరి యాగినను, కర్తకును క్రియకును నడుమ ఒంటి కామా పెట్టరాదు. రెండు, నిండు వాక్యములు రెంటిని వట్టి కామాతో కుట్టరాదు. చుక్కయైన పెట్టవలెను, లేదా కామాతోపాటు "అండ్", "బట్" వంటి మాటనైన చేర్పవలెను. మనము "లేచి, స్నానము చేసి, అన్నము తిని, బడికి పోయెను" అని క్త్వార్థకములను దండ గ్రుచ్చి ఒక్క క్రియతో ముడివేయుదుము. ఆ యలవాటుచేత పిల్లలు ఇంగ్లీషునను వాక్యమును పుట కొస వఱకు లాగుదురు. ఒక పనికి ఒక వాక్యమని కొన్నాళ్ళు వ్రాయింపుడు. మూడు, "ఇట్స్" అను మాట. "ఇది యగును" అను నర్థమున దానికి నెత్తిమీద కొక్కెము ఉండును. "దాని యొక్క" అను నర్థమున ఉండదు. రెండును ఒకటే పలుకు గావున చెవి సహాయము చేయదు. ఆ చోట "ఇట్ ఈజ్" అని విడదీసి చదివింపుడు. అర్థము కుదిరినచో కొక్కెము పెట్టవలెను, కుదురనిచో మానవలెను.

దినమునకు పావుగంట మించవలదు. వంట ముగిసి అన్నమునకు కూర్చుండులోపల ఉన్న వేళ చాలును. తప్పు లన్నిటిని ఒక్కనాడే దిద్దవలదు. కామా నేర్పు వారమున కామానే చూడుడు. మిగిలినవానికి వచ్చు వారము గలదు. తెలుగు పుటను చదివింపక ఇంగ్లీషు పుటకు పోవలదు. తెలంగాణమున 2018లో చేసిన చట్టము బడులలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. బడి నియమము బడిలో నుండనిండు, ఇంటిలో తెలుగు నిలుపునది తల్లియే. పైన చెప్పిన పాఠములలో ప్రతిదానికిని తెలుగే పునాది. పునాది త్రవ్వి గోడ కట్టినవా రెవరును లేరు.

గింజలాట యైన పిదప పిల్లచేత ఆ పాత వాక్యమునే కాగితముమీద వ్రాయించితిని. ఆమె తానే "నో" వెనుక ఒక బియ్యపుగింజ పెట్టినది; తీసినది; మరల పెట్టినది. "అయ్యో, గీ బియ్యపుగింజంత దానికేనా గింత లొల్లి!" అని యేడ్చిన కన్నులతోనే నవ్వినది. అప్పుడు తల్లి ఫోను తెచ్చి తండ్రి పంపిన ప్రశ్నను నాకు చూపినది. చూచి నేనును నవ్వితిని. ఆయన "నో రెయిన్" అని వ్రాసి ఊరకొనినాడు. చివర ప్రశ్నార్థకము పెట్టలేదు. అది అడిగినట్లు గాక, వాన లేదని చెప్పినట్లున్నది. తప్పు ఒక్కరిది గాదు, ఇద్దరిది. పిల్ల ఆ రాత్రి తండ్రికి "యెస్, బాపు, ఇట్ హ్యాజ్ రెయిన్డ్" అని వ్రాసి, దాని క్రింద ఒక ప్రశ్నార్థకము మాత్రము పంపి, "ఇది నువ్వు మఱచినది" అని తెలుగున వ్రాసినది. మఱునాడు తండ్రి వ్రాసిన జాబు నాలుగు పంక్తులు. ప్రతి పంక్తి చివర చుక్క యున్నది. ఒకచోట అక్కఱలేని కామా కూడ నున్నది. పిల్ల దానిని పట్టుకొన్నదని తల్లి చెప్పినది.

సోదరీమణులారా, మీ యింట చింతగింజలు లేకపోవు. బియ్యము లేకపోదు. వచ్చు మాసమువఱకు చుక్క, ప్రశ్నార్థకము, కామా ఈ మూడింటిని మీ పిల్లలతో ఆడి చూడుడు. ఎక్కడ చిక్కు కలిగినదో వ్రాసి పంపుడు. వచ్చు మాసమున భూతకాల క్రియలను గూర్చి ముచ్చటింతము.

ఇట్లు,
మీ సోదరి